యజమాని లేని అదురు

397వ నిమ్మళం

ఈ రిజిస్టరు ముందు పేజీలు మండలి చదువుతుంది. వెనక పేజీలు ఎవరూ తిప్పరు. కాబట్టి ఇవి నావి.

నా పేరు కోటిలింగం. చంద్రుడి దక్షిణపు కొసన, ఎన్నడూ ఎండ పడని ఒక పెద్ద గుంట ఉంది. దాని అంచు మీద ఉన్న ఊరు గట్టూరు. ఆ ఊళ్ళో అదురుల రిజిస్టరు రాసేది నేను. మొత్తం నూట ఎనభై ముగ్గురం ఉంటాం. ఎవరు ఏది కింద పడేసినా, ఎవరు గెంతినా, ఎవరు తలుపు విసురుగా వేసినా నా దగ్గరికొచ్చి టైమూ చోటూ చెప్పాలి. చెప్పకపోతే నేనే వెళ్తాను. నేను వెళ్ళడం కంటే వాళ్ళు రావడమే నయమని పదకొండేళ్ళలో ఊరంతా నేర్చుకుంది.

ఈ రోజు మూడే అదురులు. మొదటిది పొద్దున్న ఏడూ పదికి, వంటశాలలో. వంటశాల పెద్ద సాయవ్వ చేతిలోంచి సాంబారు గంగాళం జారింది. ఇక్కడ గంగాళం కూడా తీరిగ్గానే కిందికి దిగుతుంది, పట్టుకోవాలనుకుంటే బోలెడు వ్యవధి. ఆవిడ పట్టుకోలేదు.

“నువ్వు ముచ్చట వెట్టబట్టే గదా సారూ జారింది. సగం నీ పేరు మీద రాస్కో,” అంది.

సగం రాయడానికి రిజిస్టరులో గడి లేదని చెప్పాను. ఆవిడ నా పళ్ళెంలో సాంబారు కూడా సగమే పోసింది.

రెండోది పిల్లల తొక్కుడుబిళ్ళ. మూడోది నా భార్య రత్నమాల. బళ్ళో గుణింతం చెబుతూ బెత్తంతో బల్ల మీద ఒక్కటి వేసింది. భార్య కదా అని వదిలెయ్యలేదు, రాశాను. ఇంటికెళ్ళాక ఏం జరిగిందనేది రిజిస్టరుకి సంబంధం లేని విషయం.

మధ్యాహ్నం రెండింటికి నీలం దీపాలు వెలిగాయి. మేం గంట కొట్టం, కొడితే అదీ అదురే. నీలం వెలిగాక నాలుగింటి దాకా ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చోవాలి, లేదా పడుకోవాలి. గుసగుసలాడుకోవచ్చు, నడవకూడదు. దీన్నే నిమ్మళం అంటాం. గుంట అడుగున పాతిపెట్టిన పన్నెండు యంత్రాలు, మేం వాటిని చెవులంటాం, ఆ రెండు గంటలే వింటాయి. ఆకాశంలోంచి వచ్చే గురుత్వ తరంగాలకి చంద్రుడు వణికాడా లేదా అన్నంత సన్నగా వణుకుతాడు. ఆ వణుకు వాటికి కావాలి, మా గంగాళాలు కాదు. చిక్కేమిటంటే ఇక్కడి రాతికి ఒక దెబ్బ తగిలితే ఆ మోత ఎంతకీ చావదు. అందుకే పొద్దుటి అదురులు కూడా రాసిపెడితే వాటిని లెక్కలోంచి తీసేస్తారు.

నిమ్మళంలో పని చేసేది ఊళ్ళో నేనొక్కణ్ణే. గడియారం గదిలో నా కుర్చీలో కూర్చుని ఆ రోజు అదురులన్నీ శుభ్రంగా ఎత్తి రాస్తాను. మొదలుపెట్టిన నిమిషం, ముగించిన నిమిషం పైన వేస్తాను. కలం చప్పుడు చెయ్యదు. రాస్తూ కూర్చుంటే నాకు ఒళ్ళు తెలియదు. ఈ కొత్త చెవులు పెట్టి 397 రోజులైతే, అన్ని రోజులూ రాశాను. పదకొండేళ్ళలో ఒక్క సెలవు లేదు. ఇది గొప్ప కోసం చెప్పడం కాదు, సరే, గొప్ప కోసమే చెబుతున్నాను.

400వ నిమ్మళం

ఇందుమౌళి గారు ఈ రోజు భోజనానికి ఒక గ్రాఫు కాగితం పట్టుకుని వచ్చారు. గుంటలో చెవులు పెట్టింది ఆవిడే. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, అందులో పంతొమ్మిదేళ్ళు ఈ గుంట దగ్గరే గడిచాయి. మామూలుగా అన్నం తింటున్నారో పప్పు తింటున్నారో చూసుకోరు. ఈ రోజు సాయవ్వని పిలిచి మరీ వడియాలు అడిగారు.

కాగితం మీద చెవులు విన్న వణుకు ఒక గీతగా ఉంది. అడ్డంగా, సన్నగా గజిబిజిగా పోతూ ఒకచోట కాస్త పైకి లేచి మళ్ళీ దిగింది.

“ఎద్దు మూపురం లెక్క ఉన్నది,” అంది సాయవ్వ.

అప్పట్నుంచీ ఊరంతా దాన్ని మూపురమే అంటోంది. అదెందుకంత సంబరమో మాకు అర్థం కాలేదని ఇందుమౌళి గారికి అర్థమైంది. చెంచా కింద పెట్టారు. నెమ్మదిగానే పెట్టారు.

“విశ్వం రోజురోజుకీ పెద్దదవుతోంది కదా. లెక్కని వెనక్కి నడిపిస్తే చిన్నదవుతూ, చిన్నదవుతూ, చివరికి ఒక బిందువు. పొడవు లేదు, వెడల్పు లేదు. సాంద్రత మాత్రం అనంతం. అక్కడికెళ్ళాక లెక్క చేతులెత్తేస్తుంది. ఇన్నాళ్ళూ అదే మొదలని చెప్పుకున్నాం.”

“లెక్క చేతులెత్తేస్తే తప్పు లెక్కది గదమ్మా,” అంది సాయవ్వ.

“నేనూ అదే అంటాను. ఇదుగో, మనిద్దరి మధ్యా ఉన్న ఈ ఖాళీ ఉందే, ఇది ఉత్త ఖాళీ కాదు. నేసిన బట్టలాంటిది. దూరం నుంచి నున్నగా ఉంటుంది, బాగా దగ్గరికెళితే పోగులుంటాయి. గురుత్వాకర్షణకి క్వాంటం లెక్క కడితే వచ్చేది ఇదే. పోగు కంటే చిన్న జాగా లేదు.”

సాయవ్వ వాళ్ళది సిరిసిల్లలో మగ్గం నేసిన ఇల్లు. కొంగు తీసి మడిచింది, మళ్ళీ మడిచింది, రెండు చేతులా ఒత్తింది.

“ఎంత మడిచినా ఒక కాడికొచ్చి ఇగ మడత వడది. పోగుల పోగు దూరది. ఇంకా ఒత్తితే ఎదురు తంతది.”

“తన్నింది. అదే మన మొదలు,” అన్నారు ఇందుమౌళి గారు. “అంతకుముందు ఒక విశ్వం ఉండేది. అది కుంచించుకుపోతూ వచ్చింది. ఇక మడత పడని చోట ఎదురు తన్ని మళ్ళీ విచ్చుకుంది. బిందువు లేదు, అనంతం లేదు. ఇదంతా నిజమైతే ఆ తన్నుడికి పుట్టిన వణుకు ఇప్పటికీ అన్ని వైపుల నుంచీ వస్తూ ఉండాలి, ఎప్పుడూ ఒకే తీరుగా. గీత మీద దాదాపు ఈ చోట ఒక ఎత్తు కనబడాలి. ఇది నాలుగు వందల రోజులుగా ఒక్క రోజు తప్పకుండా ఉంది. ఇంత నిలకడ మనుషుల పనుల్లో ఉండదు.”

ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. నాకూ ఏదోలా అయింది. ఆ పూట సాయవ్వ నాకు సాంబారు పూర్తిగా పోసింది, కడుపు నిండా తిన్నాను.

403వ నిమ్మళం

మండలి నుంచి ఉత్తరం వచ్చింది. చంద్రుడి మీద ఊళ్ళన్నిటికీ పెద్ద మండలే.

మా గుంట అడుగున మంచు ఉంది, మిగతా ఊళ్ళకి నీళ్ళు కావాలి. తవ్వడం మొదలైతే ఆ మోతకి చెవులు ఇక దేనికీ పనికిరావు. తవ్వకుండా ఉండాలంటే రెండు విషయాలు తేలాలని రాశారు. ఒకటి, ఈ చెవులకి అంత సన్నటి వణుకు వినే శక్తి నిజంగా ఉందా, కాగితం మీదే ఉందా. రెండు, ఆ మూపురం ఆకాశానిదేనా. రెండో దానికి నా సంతకం కావాలట. ‘పై అదురుకు గట్టూరులో యజమాని ఎవరూ లేరని రిజిస్టరు గుమాస్తా ధ్రువీకరించవలెను.’ 424వ నిమ్మళం నాటికి పరిశీలక బృందం వస్తుంది.

ఇందుమౌళి గారు ఉత్తరం నా బల్ల మీద పెట్టారు.

“మొదటిది నేను చూసుకుంటాను. మీ సంతకం మీద మాత్రం ఎవరూ మాట్లాడలేరు, కోటిలింగం గారూ.”

పదకొండేళ్ళలో నాతో ఎవరూ అలాంటి మాట అనలేదు. ఊళ్ళో చీమ కదిలినా పట్టుకుంటానని చెప్పాను. ఇక్కడ చీమలు లేవని ఆవిడ అనలేదు, మర్యాదస్తురాలు.

408వ నిమ్మళం

వేట మొదలైంది. పద్ధతి నాదే. పల్చటి రేకు మీద ముగ్గుపిండి పల్చగా చల్లి నేల మీద పెట్టడం. నేల అదిరితే పిండి గీతలుగా పేరుకుంటుంది. నిమ్మళానికి ముందు ఇల్లిల్లూ తిరిగి రేకులు పెడతాను, అయ్యాక ఏరుకొస్తాను. రోజుకి ఇరవై గదులు. నా గదిలో పెట్టలేదు, అక్కడ నేనున్నాను కదా.

మొదటి రోజే ఒకడు దొరికాడు, పైడినాయుడు. గాలి యంత్రాలు చూసే మనిషి, నిమ్మళంలో పడుకుని గురక పెడతాడు. రేకు మీద పిండి వంకీలు తిరిగి ఉంది. మంచం కింద నాలుగు రబ్బరు దిమ్మలు పెట్టించాను. వాళ్ళావిడ తలుపు దగ్గరికొచ్చి, “ఇరవై ఏళ్ళుగా నేను చెబుతున్నా ఎవరూ రాసుకోలేదు,” అంది. మూపురం కొంచెం కూడా తగ్గలేదు.

412వ నిమ్మళం

ఈ వారం నేను పట్టుకున్నవి రాస్తాను, రేపు నన్నెవరైనా తిట్టుకుంటే కారణం తెలియాలి.

కబడ్డీ ఆడే ఆడపిల్లలు నిమ్మళంలో కూర్చునే కూత ప్రాక్టీసు చేస్తున్నారు. నోరు మూసుకోమన్నాను. కొత్తగా పెళ్ళయిన జంట గదిలో పిండి మొత్తం ఒక మూలకి పేరుకుంది. ఏం చేస్తున్నారని అడిగాను. “కూర్చున్నాం అండి,” అన్నారిద్దరూ ఒకేసారి. రెండు కుర్చీల మధ్య ఆరడుగులు ఎడం పెట్టించాను. సాయవ్వ పక్షం రోజులుగా నిమ్మళంలో చింతకాయ తొక్కు నూరుతోందని తెలిసింది. చేత్తోనేనట, మెత్తగానేనట.

“నీ అసుంటోడు మా ఊళ్ళె ఉంటే పోశమ్మ బోనాలు గూడ కూసుండే ఎత్తేటోళ్ళు,” అంది.

తొక్కు జాడీ స్వాధీనం చేసుకున్నాను. చాలా బాగుంది.

ఇన్ని పట్టుకున్నా, అన్నీ ఆపించినా మూపురం అక్కడే ఉంది. ఒక్కొక్క యజమాని కాదని తేలుతున్నకొద్దీ ఇందుమౌళి గారి ముఖం విప్పారుతోంది. నిన్న నడవాలో ఆవిడ కూనిరాగం తీస్తూ పోవడం విన్నాను. కూనిరాగానికి అదురు ఉండదు, రాయలేదు.

416వ నిమ్మళం

నూట ఎనభై రెండు మంది అయిపోయారు. ఏ గదీ మిగల్లేదు. ఊళ్ళో నాతో నవ్వుతూ మాట్లాడేవాళ్ళు ముగ్గురే మిగిలారు, అందులో రత్నమాల ఒక రోజు నవ్వుతుంది, ఒక రోజు నవ్వదు. అయినా ఫరవాలేదు. ఆ మూపురం మా ఊళ్ళోది కాదు. మనకి ముందున్న విశ్వం తాలూకు వణుకు మా పన్నెండు చెవుల్లో పడుతోంది, దానికి సాక్షి సంతకం నాది. ఈ పేజీలో అక్షరాలు గీత దాటిపోతున్నాయి. సంతోషం వల్లే అనుకున్నాను గానీ ఒళ్ళు కాస్త వెచ్చగా కూడా ఉంది.

420వ నిమ్మళం

మూడు నిమ్మళాలు రాయలేదు. జ్వరం. పదకొండేళ్ళ రికార్డు పోయింది. నా బదులు రిజిస్టరు రాస్తానని రత్నమాల అంటే ఒప్పుకోలేదు, మాత్రలేసి పడుకోబెట్టింది.

ఈ రోజు పొద్దున్న జావ తాగుతుంటే ఇందుమౌళి గారు చూడ్డానికొచ్చారు. చేతిలో తమ తోటలో పెంచుకునే జామకాయలు రెండున్నాయి గానీ ముఖంలో నవ్వు లేదు.

“మీకు జ్వరంగా ఉన్నప్పుడు చెప్పకూడదు. మూడు రోజులుగా మూపురం రావట్లేదు. 417, 418, 419, మూడు రోజులూ గీత నున్నగా ఉంది. చెవులన్నీ పరీక్షించాను, బాగానే ఉన్నాయి. విశ్వం సెలవు పెట్టిందా?” అన్నారు. నవ్వబోయి నవ్వలేదు.

ఆవిడ వెళ్ళాక రత్నమాల గిన్నె తీస్తూ అంది: “నాకైతే మీ జ్వరం కంటే మీ కాలు చూసి భయం వేసిందండీ. పెళ్ళయిన పదిహేడేళ్ళలో మీ కుడికాలు మూడు రోజులు ఊరుకోవడం ఎప్పుడూ చూళ్ళేదు.”

“నా కాలేం చేస్తుంది?”

“అయ్యో రామ, రాసేటప్పుడు ఊపుతారుగా. కలం పడితే చాలు మోకాలు టకటకా ఆడుతుంది. మా అమ్మ పెళ్ళిచూపుల్లోనే అంది, పిల్లాడు మంచివాడే గానీ కాలు నిలవదని.”

పదిహేడేళ్ళలో నాకెవరూ చెప్పలేదు. చెబితే దాన్నీ రిజిస్టరులో రాస్తానని ఊరుకున్నారట.

421వ నిమ్మళం

నా గదిలో రేకు పెట్టుకున్నాను. ముగ్గుపిండి చల్లాను. మామూలుగా కూర్చుని ఎత్తి రాశాను. ముగించిన నిమిషం వేసి కిందికి చూశాను.

పిండి వరసలు వరసలుగా పేరుకుని ఉంది. రత్నమాల వేసే ముగ్గు కంటే తీరుగా ఉంది.

నా పాదం ఎక్కడ ఆనుకుని ఉందో అప్పుడు చూశాను. గదిలో ఊరి గడియారం నిలబెట్టిన స్తంభం ఉంది. గడియారం కదలకూడదని ఆ స్తంభాన్ని పద్దెనిమిది మీటర్లు దింపి గట్టి రాతిలో నాటారు. నా కుడికాలు రోజూ దాని దిమ్మ మీదే ఉంటుంది. ఊరంతా కదలకుండా కూర్చున్న ఆ రెండు గంటలూ, ఏడాదికి పైగా, నేను చంద్రుణ్ణి తన్నుతూ కూర్చున్నాను. ఒక్క రోజు తప్పకుండా. నిలకడ నాది.

నీలం దీపాలు ఆరేదాకా రేకు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇక్కడ అబద్ధం రాయను. పిండి దులిపేసి, రేపట్నుంచి కూడా కాలు ఇలాగే ఊపుకుంటూ, సంతకం పెట్టేస్తే ఎవరికీ తెలియదన్న ఆలోచన వచ్చింది. ఆ మూడు రోజులు చెవులు మొరాయించాయని ఆవిడే అనుకుంటారు. తవ్వకం ఆగుతుంది. ఆవిడ కూనిరాగం కూడా ఆగదు. ఎంత తేలిక. సిగ్గేసింది, లేచి వెళ్ళాను.

ఇందుమౌళి గారు బృందానికి చెప్పబోయే ప్రసంగం అద్దం ముందు చదువుకుంటున్నారు. రేకు చూపించి అంతా చెప్పాను. ఆవిడ రేకుని దీపం కిందికి పట్టి చూశారు. “ఏ కాలు?” అన్నారు.

“కుడిదండి.”

ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూ మంచం మీద కూలబడ్డారు. ఎక్కడ ఆగి ఏడుపు మొదలైందో నాకు తెలియలేదు.

“మూడు పెద్ద పరిశోధన సంస్థలకి రాశాను, కోటిలింగం గారూ. మీ కాలిని విశ్వం పుట్టకముందరిదని రాశాను. లయ కూడా వర్ణించాను. గంభీరంగా ఉందని రాశాను.”

నేను కూడా ఏడ్చాను. ఇంత కష్టంగా ఉంటుందని అనుకోలేదు. సంతకం పెట్టేసి ఊరుకుందామనిపించిందని కూడా చెప్పేశాను.

“పెట్టలేరు మీరు. కట్టుకున్న భార్య బెత్తం దెబ్బని వదలని మనిషి,” అని ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. ప్రసంగం కాగితాలు తీసి రెండుగా చించారు. “పంతొమ్మిదేళ్ళు పోతే పోనీండి. దొంగ మూపురంతో మాత్రం ఈ గుంటని కాపాడుకోలేను.”

422వ నిమ్మళం

ఊరికి తెలిసిపోయింది. ఎలా తెలిసిందో అడగలేదు, మా ఇంట్లో బడిపంతులమ్మ ఉంది.

పొద్దున్నే గడియారం గది ముందు జనం. పైడినాయుడు రబ్బరు దిమ్మలు తెచ్చి నా కుర్చీ కింద పెట్టాడు. కొత్త జంట కొలబద్ద తెచ్చి నాకూ నా కాలికీ మధ్య ఆరడుగులు ఎడం ఉండాలని కొలిచారు. సాయవ్వ రిజిస్టరు ముందు పేజీ తెరిపించింది.

“రాయి సారూ. నాలుగు వందల చిల్లర దినాలు, రోజుకొక అదురు. యజమాని పేరు పెద్దక్షరాల్ల రాయి. నా తొక్కు జాడీ గూడ తే.”

రాశాను. జాడీ ఇచ్చాను, సగమే ఉంది. తవ్వకం మొదలైతే ఈ ఊరు ఈ ఊరుగా ఉండదని అందరికీ తెలుసు, అయినా పడీపడీ నవ్వారు. నాకు మాత్రం ఇందుమౌళి గారి వైపు చూసే ధైర్యం రాలేదు.

424వ నిమ్మళం

బృందంలో ముగ్గురు. ఇద్దరు తలలూపే రకం. మూడో మనిషి మెహరున్నీసా గారు, భూకంపాల నిపుణురాలు, కర్నూలు మనిషి. మాట్లాడేది తక్కువ.

ఇందుమౌళి గారు నిలబడి మూపురాన్ని వెనక్కి తీసుకుంటున్నానని ఒక్క ముక్కలో చెప్పారు. తరవాత నేను లేచి నా కాలి సంగతి చెప్పాను. తలలూపే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని కాగితాలు సర్దుకోబోయారు.

“ఉండండప్పా,” అన్నారు మెహరున్నీసా గారు. “కోటిలింగం గారూ, మీ గదికీ ఆ చెవులకీ ఎంత దూరం?”

“పద్నాలుగు కిలోమీటర్లండి.”

“మీ బరువు?”

చెప్పాను. మోకాలి నుంచి పాదం దాకా కొలత అడిగారు. రత్నమాల చెప్పింది. రిజిస్టరు తెప్పించుకుని పేజీలు తిప్పుతూ పోయారు. రోజూ పైన వేసిన నిమిషాల మీద వేలు పెట్టి ఆగారు.

“రోజూ మొదలుపెట్టింది, ముగించింది రాసినారు. నాలుగు వందల రోజులు. అదే మనిషి, అదే బరువు, అదే చోటు, అదే లయ. చెవులకి ఎంత శక్తి ఉందో తేల్చాలంటే ఒక చిన్న అదురు కావాలి, దాని కొలతలన్నీ ముందే తెలిసి ఉండాలి. ఇంత చిన్నది, ఇన్నాళ్ళు, ఇంత ఒబ్బిడిగా చెయ్యమని మేము అడిగింటే ఎవరన్నా చేసేవాళ్ళా?”

ఆవిడ అక్కడే కూర్చుని గంటసేపు లెక్క కట్టారు. మేమంతా కూర్చున్నాం. నిమ్మళంలో కూర్చోవడం అలవాటే కాబట్టి కదల్లేదు.

లెక్క ముగించి ఇందుమౌళి గారి వైపు తిప్పారు.

“మీరు కాగితం మీద రాసుకున్న దానికంటే ఇవి పదింతలు సన్నగా వింటున్నాయి. ఒక మనిషి కూర్చుని కాలు ఊపితే పద్నాలుగు కిలోమీటర్ల అవతల రాతి అడుగున వినబడింది. ఆ ముందటి విశ్వం వణుకు వస్తా ఉంటే, ఈ కాలు తీసేసినాక, ఆరేళ్ళు వింటే చాలు, తెలిసిపోతుంది. రాకపోయినా తెలిసిపోతుంది.”

“రాకపోయినా,” అన్నారు ఇందుమౌళి గారు. ఆ మాటే ఆవిడకి ఎక్కువ నచ్చినట్టుంది. “బిందువా, ఎదురు తన్నడమా, ఏదో ఒకటి తేలుతుంది. ఆరేళ్ళా? ఇక్కడి తేలిక బరువుకి గుల్లబారుతున్నా నా ఎముకలు అన్నాళ్ళు ఆగుతాయి, ఆపుతాను.”

సాయవ్వ అందరి ముందూ లేచొచ్చి నా కుడి మోకాలికి మెటికలు విరిచి దిష్టి తీసింది.

433వ నిమ్మళం

మండలి ఆర్డరు వచ్చింది. మా గుంటని ఆరేళ్ళు తవ్వరు. నీళ్ళకి ముందు తూర్పు గుంట చూస్తారట. ఆర్డరులో మూడో అంశం అక్షరం పొల్లు పోకుండా ఎత్తి రాస్తున్నాను: ‘చెవుల శక్తిని సరిచూచుటకై నెలకొక పర్యాయము నిమ్మళమందు గుమాస్తా శ్రీ కోటిలింగం గడియారపు స్తంభమునకు పాదమానించి అరగంట సేపు కుడికాలు ఊపవలెను. తక్కిన దినములందు ఊపరాదు.’

తక్కిన దినాల్లో నేల మీద బాసింపట్టు వేసుకుని రాస్తున్నాను. ఎదురుగా రోజుకొకరు వంతులేసుకుని కాపలా కూర్చుంటున్నారు. ఈ వంతుల కోసం ఊళ్ళో పోటీ ఉంది.

455వ నిమ్మళం. మొదలు: రెండూ ఇరవై ఐదు.

ఈ రోజు ఊపే రోజు. ఊరంతా గది బయట నడవాలో కూర్చుని చూస్తోంది. రెండింటికే మొదలుపెట్టాలి. ఊపుదామని కూర్చుంటే కాలు రావట్లేదు. బలవంతాన ఊపితే లయ వేరుగా ఉంది, గీత చూస్తున్న ఇందుమౌళి గారు తల అడ్డంగా ఊపారు. కబడ్డీ పిల్లలు లోపల్లోపల నవ్వుతున్నారు. చెమట పట్టింది. ఇన్నేళ్ళుగా అడగకుండా చేసిన పని అడిగితే రావట్లేదంటే నా మీద నాకే కోపంగా ఉంది.

“మమ్మల్ని మర్చిపోండి,” అని గుసగుసగా అన్నారావిడ. “మీ పుస్తకం మీరు రాసుకోండి.”

అందుకే రాస్తున్నాను. ఏం రాయాలో తెలియట్లేదు. ఈ రోజు అదురులేమీ లేవు.

కాలు తీసేసిన గీత నిన్న చూశాను. నున్నగా ఉంది, ఇంకా ఏమీ లేదు. అది చూస్తే నాకు దిగులేస్తుందనుకున్నాను గానీ ఆవిడ ఆ గీతని గోడకి అంటించుకున్నారు. ఇప్పుడిది శుభ్రమైన పలక అట. ఇకనుంచి దాని మీద ఏది పడినా మనది కాదట. ఆవిడ ఇన్నాళ్ళలో ఇంత హాయిగా అన్నం తినడం నేను చూడలేదు.

నాకు మాత్రం ఆ ముందటి విశ్వం గురించే ఆలోచన. అక్కడా మనుషుల్లాంటివాళ్ళు ఉండి ఉంటారా అని అడిగితే, ఉన్నా మనకి తెలిసే దారి లేదన్నారు. నేననుకోవడం ఉండే ఉంటారని. ఊరన్నాక ఉంటారు. వాళ్ళ ఆకాశం ఏటికేడాదీ దగ్గరికి జరిగి వస్తుంటే భయపడి ఉంటారు, భయపడుతూనే వంట చేసుకుని ఉంటారు. ఏ రోజు ఎంత జరిగిందో ఒకడు కూర్చుని రాసి ఉంటాడు. రాసేవాడు లేకుండా ఏ ఊరూ ఉండదు. వాణ్ణి కూడా అందరూ తిట్టుకుని ఉంటారు, వాడు కూడా సెలవు పెట్టి ఉండడు. పాపం, ఆ పుస్తకం మడతల్లో నలిగిపోయి ఉంటుంది. అక్షరాలు ఆ మడత దాటి రాలేవని, వణుకు ఒక్కటే దాటుతుందని, అదీ దాటితేనే అని ఇందుమౌళి గారు అన్నారు. అంటే వాడు అన్నేళ్ళు కూర్చుని రాసిందేదీ మనకి అందదు. రాస్తూ వాడు కాలు ఊపి ఉంటే, అది అందొచ్చు.

ఇందుమౌళి గారు చెయ్యెత్తారు. ఊగుతోందట.